పట్నపు వంటింటి చెత్త – పల్లె చేనికి ఎరువు



ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం వైపు నుండి తెల్లవారకముందే ఆకుకూరలు, టమాట, వంకాయలు సరూర్‌నగర్ రైతుబజారుకు చేరుచున్నవి. అక్కడినుండి మీర్‌పేట కాలనీల వంటిండ్లకు పోవుచున్నవి. ప్రతి గంపతోను మీ నేలలోని సారము కొంత పట్నమునకు తరలుచున్నది. తొక్కలు, తొడిమలు, మిగిలిన అన్నము మాత్రము తిరిగి మీ చేనికి రావు; నగరపు చెత్తతో కలిసి జవహర్‌నగర్ గుట్టకు పోవును. పొలమును పెంటకుప్పయు ఒక్క ఊరిలోనే ఉన్నప్పుడు ఈ చిక్కు లేదు. మీర్‌పేటలోనే చూడుడు, పెద్దచెరువు, మంత్రాల చెరువు ఉన్నవి గాని, చుట్టును నేడు ఇండ్లే.

ఈ సారమును మరల తెచ్చుకొనుటకు మొదట కావలసినది కాలనీకి పదిమంది స్వచ్ఛంద సేవకులు. ఎరువు మంచిదగునో చెడ్డదగునో వంటింటి గుమ్మము వద్దనే తేలిపోవును. తొక్కలలో బ్లేడు, మందుసీసా, బల్బుముక్క, ప్లాస్టిక్ సంచి ఒకసారి కలిసినచో, తరువాత ఎంత జల్లించినను పూర్తిగా వేరుకావు. చవకగా వచ్చినదని అట్టి చెత్తను తోలించుకొన్న చేలో కలుపుతీయు ఆడవారి కాళ్ళకు గాజుపెంకులు గుచ్చుకొనును. పాత బ్యాటరీల నుండి దిగు సీసము నేలలో చేరినచో దానిని తీసివేయు ఉపాయము రైతు చేతిలో లేదు.

ప్రతి ఇంటిలోను తడిచెత్త, పొడిచెత్త, ప్రమాదకరమైన చెత్త వేరుచేయవలెనని 2016 నాటి నిబంధనలు చెప్పినవి. నిబంధన వ్రాసినంతనే అలవాటు మారదు. ఎవరో ఒకరు గుమ్మము వద్ద నిలిచి చూపవలెను. 2012 అక్టోబరులో వరంగల్లులో వారము రోజులు పరిశుభ్ర నగరముల పోటీ జరిగినది. పలు పురపాలక సంఘముల బృందములు ఇల్లిల్లు తిరిగి రెండు బుట్టల పద్ధతిని నేర్పినవి. మీర్‌పేటలో పనిచేయగోరు సేవకులకు ఇంతకన్న దగ్గరి పాఠము అక్కరలేదు.

ఇక ఎరువు చేయు విధము. పది అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తుగల ఇటుక తొట్లను, గోడలలో గాలి సందులు వదలి, నీడన కట్టవలెను. తట్ట తడిచెత్తకు తట్ట ఎండుటాకులు వేసి, పైన కొంచెము పేడనీళ్ళు గాని పాత ఎరువు గాని చల్లవలెను. పిడికిట పట్టి పిండినచో వ్రేళ్ళ మధ్య తడి కనబడవలెను, నీరు కారరాదు. మూడు నాలుగు దినములకు ఇనుపచువ్వ గ్రుచ్చి తీసినచో చేయి పట్టలేనంత వేడిగా నుండవలెను. ఈ వేడికే కలుపువిత్తులు, రోగక్రిములు చచ్చును. వారమునకొకసారి తిరుగవేయుడు. రెండు మూడు నెలలలో ఎరువు పక్వమగును.

వాసన వచ్చినదా, తడి ఎక్కువైనదన్నమాట. ఎండుటాకులు కలిపి తిరుగవేయవలెను. దీనిని ఆ పూటనే చేయుడు. ఒక్కరోజు కంపుకొట్టినను కాలనీవారు తొట్టి తీసివేయుమందురు, ఆరునెలల శ్రమ అక్కడితో ఆగును.

లెక్క కూడ చూచుకొందము. ఇంటికి రోజుకొక కిలో తడిచెత్త అనుకొన్నచో నూరిండ్లకు నూరు కిలోలు. అది మురిగి ఎరువగునప్పటికి ఇరువది, ఇరువదియైదు కిలోలు మిగులును. అనగా ఆరునెలలకు సుమారు నాలుగు టన్నులు. ఎకరమునకు మనము సాధారణముగా చెప్పు పశువుల ఎరువు మోతాదు ఇదే! నూరిండ్లు ఆరునెలలు కష్టపడినచో ఒక్క ఎకరము. కావున దీనితోనే ఎరువుల కొరత తీరునని ఎవరైనను చెప్పినచో నమ్మవలదు. కూరగాయల మడులకు, నారుమళ్ళకు మొదట వాడుకొనుడు.

రైతు చేయదగిన సేవ ఒకటి కలదు. ఆదివారము బజారుకు వచ్చినప్పుడు ఒక సంచిలో మంచి ఎరువు, మరొక సంచిలో గాజు, ప్లాస్టిక్ కలిసిన చెత్త తెచ్చి సేవకులతో కూడ కాలనీకి వెళ్ళుడు. రెండును గుమ్మము ముందు పోసి చూపినచో గృహిణికి వేరే ఉపన్యాసము వద్దు. (పట్నపువారికి చెప్పుటకు ముందు మన గట్లపై పడియున్న పురుగుమందు డబ్బాలను ఏరుకొనుట మంచిది.)

కొనుటకు ముందు ఎరువును పరీక్షింపుడు. తొలకరి మట్టి వాసన రావలెను, వేడి ఉండరాదు. నాలుగు మిల్లీమీటర్ల జల్లెడలో నూటికి తొంబదివంతులు దిగవలెను. నగర కంపోస్టులో కిలోకు సీసము 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు మించరాదని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు చెప్పుచున్నది. ఇది ప్రయోగశాలలోనే తేలును. ఎక్కువ మొత్తము కొనునప్పుడు పరీక్షా పత్రమును అడుగుడు. ఇంటివద్ద చేయదగినది మరొకటి. ఒక చిప్పలో సగము మట్టి, సగము ఎరువు కలిపి పెసలు చల్లుడు. వేరొక చిప్పలో ఒట్టి మట్టిలో చల్లుడు. ఆరవ దినమున రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. ఎరువు చిప్పలోని మొలకలు తక్కువగానో పసుపురంగుగానో ఉన్నచో ఆ ఎరువు ఇంకను పచ్చిది. దానిని మరి మూడు వారములు కుప్పవేసి ఉంచి, మరల పెసలు చల్లి చూడుడు.