“మీ ఇంట్లోనే ఉందా అమ్మా?”

ఏటమ్మా, ఈసారి కాస్త గుట్టు మాటే చెప్పుకుందామా?

ఒకావిడది విశాఖ ఉక్కునగరం క్వార్టర్స్. భర్తకి ప్లాంటులో షిఫ్ట్ డ్యూటీ, ఇద్దరు పిల్లలు. ఇంకొకావిడది వన్‌టౌన్, పోర్టు దగ్గర షిప్పింగ్ ఆఫీసులో ఉద్యోగం. బడిలో ఒకే బెంచీ, మార్గశిర గురువారాల్లో కనకమహాలక్ష్మి గుడికి ఒకే లైను. నలభై దాటాక వన్‌టౌన్ ఆవిడ పెళ్లయిన మనిషితో కలిసి ఉండటం మొదలెట్టింది. పేర్లు అడక్కండి, చెప్పను.

స్నేహం అక్కడే చెడిందనుకున్నారా? అబ్బే! ఉక్కునగరం ఆవిడ కొన్నాళ్లు మూతి ముడుచుకుంది, ఆనక తనే చేపల పులుసు పట్టుకెళ్లింది. తంటా ఫోన్లతో వచ్చింది. “అమ్మాయి మీ ఇంట్లోనే ఉందా అమ్మా?” అని వన్‌టౌన్ ఆవిడ తల్లి అడిగినప్పుడల్లా “ఆఁ, పడుకుంది పిన్నీ” అనాలి. పిన్నికో అబద్ధం, భర్తకింకోటి, ఏది ఎవరికి చెప్పిందో గుర్తుపెట్టుకోవడం మరో పని. ప్రేమ ఒకావిడది, కాపలా ఇంకొకావిడదీనా? చివరికి అనేసింది: “నిన్ను వదలనే. పిన్నితో మాత్రం ఇక అబద్ధమాడను.” మాటలు ఆగిపోయాయి. నేను ఉక్కునగరం పక్షమే.

మన ఆంధ్రా యూనివర్సిటీలో ఎం.ఏ. చదివిన రచయిత్రి ఓల్గా ‘విముక్త’లో సీతనీ శూర్పణఖనీ స్నేహితురాళ్లని చేశారు. 2015లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన పుస్తకం. వాళ్లిద్దరికే స్నేహం కుదిరితే వీళ్లకి కుదరదా అనుకున్నా.

కానీ ఆ మౌనంలో చెప్పాల్సిందొకటి ఉండిపోయింది. 2005 గృహహింస చట్టం పెళ్లిలాంటి సహజీవనంలో ఉన్న ఆడవాళ్లకీ రక్షణ ఇస్తుంది, నిజమే. అయితే ఇద్దరూ పెళ్లికి అర్హులై, వేరే పెళ్లిలో లేనివాళ్లై ఉండాలని 2010లో వేలుసామి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అతనికి పెళ్లయిందని తెలిసే కలిసి ఉన్న ఆవిడకి 2013లో, ఇంద్రా శర్మ కేసులో, ఆ ఆసరా దక్కలేదు. “2018లో 497 సెక్షన్ కొట్టేశారుగా!” అంటారు. దాంతో వేరొకరి భార్యతో సంబంధం పెట్టుకున్న మగాడికి జైలు భయం పోయింది, అంతే. మన గుంటకి ఇల్లూ రాలేదు, భరణమూ రాలేదు. ఇది ముఖం మీద చెప్పాల్సింది స్నేహితురాలు కాక ఇంకెవరు?

మొత్తానికి వన్‌టౌన్ ఆవిడే తల్లికి చెప్పుకుంది. ఆ తల్లి ఇప్పటికీ అతన్ని గడప తొక్కనివ్వదు. వీళ్లిద్దరూ మాట్లాడుకుంటున్నారు, మునుపటంత కాదులెండి. అతని పేరున కొన్న ఫ్లాటులో వన్‌టౌన్ ఆవిడ పెట్టిన డబ్బుకి కాగితం రాయించుకోవడానికి ఇద్దరూ కలిసే లాయరమ్మ దగ్గరికి వెళ్తున్నారు. నెంబరు నేనే ఇచ్చా.