గొర్రెల కోసం ఖాళీ అయిన ఊరు

పాడుపడిన ఊరి జాగాను మనం పాటిదిబ్బ అంటాం. తవ్వితే కుండపెంకులు, బూడిద, ఎముకలు బయట పడతాయి. ఇంగ్లండు దేశంలో కూడా అలాంటి ఊళ్ళు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి వారమ్ పెర్సీ. ఆ ఊరు ఎలా పుట్టింది? ఎందుకు ఖాళీ అయింది? తెలుసుకుందాం.

ఊరు ఎలా ఉండేది?

ఇంగ్లండుకు ఉత్తరాన యార్క్‌షైర్ అనే ప్రాంతం ఉంది. అక్కడ సుద్దరాతి గుట్టలు ఉన్నాయి. ఒక గుట్ట వాలు మీద ఈ ఊరు వెలిసింది. కింద వాగు పారుతుంది. నీళ్ళకు కరువు లేదు. అందుకే జనం అక్కడ నిలిచారు.

1086లో ఇంగ్లండు రాజు దేశంలోని భూముల లెక్క రాయించాడు. ఆ లెక్కలో వారమ్ పేరు ఉంది. తర్వాత పెర్సీ అనే దొరల కుటుంబం ఊరిని ఏలింది. ఊరి పేరులో వాళ్ళ పేరు కలిసిపోయింది.

ఇళ్ళు వరుసగా ఉండేవి. పైన గడ్డి కప్పు. ప్రతి ఇంటి వెనుక పెరడు. ఊరికి ఒక చర్చి. వాగుకు అడ్డంగా కట్ట వేశారు. ఆ నీళ్ళతో పిండిమర తిరిగేది.

రైతులు గోధుమ, బార్లీ పండించేవాళ్ళు. గొర్రెలను కూడా పెంచేవాళ్ళు. కానీ భూమి మీద హక్కు దొరదే. పండించిన దాంట్లో దొరకు, చర్చికి ఇచ్చుకోవాలి.

ఎముకలు చెప్పిన కథ

1950 నుండి 1990 వరకు అక్కడ ఏటా ఎండాకాలంలో తవ్వకాలు జరిగాయి. బెరెస్‌ఫర్డ్, హర్స్ట్ అనే ఇద్దరు పండితులు ఆ పని నడిపించారు. చర్చి దగ్గర సుమారు 700 మంది ఎముకలు దొరికాయి.

వాటిని పరీక్షించి ఎన్నో సంగతులు తెలుసుకున్నారు. తల్లులు బిడ్డలకు ఏడాదిన్నర దాకా పాలిచ్చేవాళ్ళు. కానీ పిల్లలు ఈనాటి పిల్లలంత ఎత్తు ఎదగలేదు. వయసు మళ్ళిన ఆడవాళ్ళ ఎముకలు గుల్లబారాయి. ఈనాటి ఆడవాళ్ళకు వచ్చే బాధే అది. ఉన్ని వడికే కదురు బిళ్ళలు కూడా దొరికాయి.

ఊరు ఎందుకు పోయింది?

1348లో ఇంగ్లండుకు ప్లేగు వచ్చింది. మరుసటి ఏడు యార్క్‌షైర్‌కు పాకింది. ఊళ్ళకు ఊళ్ళు ఏడ్చాయి. అయినా వారమ్ పెర్సీ నిలిచింది. మిగిలినవాళ్ళు మళ్ళీ నాగలి పట్టారు.

ప్లేగుకు పోని ఊరు గొర్రెలకు పోయింది. జనం తగ్గడంతో కూలిరేట్లు పెరిగాయి. ఉన్నికి మాత్రం మంచి గిరాకీ ఉంది. పొలం దున్నాలంటే ఎంతోమంది కావాలి. గొర్రెల మందకు ఒక కాపరి, ఒక కుక్క చాలు. దొరలు లెక్క వేసుకున్నారు. 1500 నాటికి చివరి కుటుంబాలను కూడా వెళ్ళగొట్టారు. ఇళ్ళు కూల్చారు. పొలాలను పచ్చిక బీడు చేశారు.

ఇలా ఎన్నో ఊళ్ళలో జరిగింది. 1517లో ప్రభుత్వం విచారణ జరిపించింది. కానీ వారమ్ పెర్సీ మళ్ళీ లేవలేదు.

ఇప్పుడు అక్కడ పైకప్పు లేని చర్చి మిగిలింది. చుట్టూ పచ్చిక. గడ్డి కింద ఇళ్ళ గోడల ఆనవాళ్ళు గట్లలాగా కనిపిస్తాయి.

ఆ ఊరివాళ్ళు తరతరాలుగా ఆ నేలను దున్నారు. కానీ వాళ్ళలో చాలామందికి చదువు లేదు. భూమి కాగితం వాళ్ళ పేరున లేదు. పొమ్మన్న రోజున చూపించడానికి చేతిలో ఏమీ లేదు.

ఆలోచించండి

1. వారమ్ పెర్సీ ప్లేగుకు నిలిచింది. మరి తర్వాత ఎందుకు ఖాళీ అయింది?
2. ఆ ఊరి ఆడవాళ్ళ గురించి మనకు ఎలా తెలిసింది?
3. మీ ఇంటి స్థలం కాగితం ఎవరి పేరున ఉంది? అడిగి తీసుకుని, మీరే చదివి చూడండి.