లోకో షెడ్ల యాత్ర

పాఠ్యభాగ ఉద్దేశం

కాలం చెల్లిన యంత్రాన్ని తుక్కుగా భావించి వదిలివేయడం సులభం. దానిని నడిచే స్థితిలో నిలబెట్టడం కష్టం. ఫ్రాన్సు దేశంలోని పాత లోకో షెడ్లను దర్శించే రైలు అభిమానుల యాత్రను పరిచయం చేస్తూ, యంత్రంతోపాటు దానిని నడిపే విద్యను కూడా తరువాతి తరానికి అందించవలసిన అవసరాన్ని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

యాత్రలు పలు విధాలు. దైవదర్శనం కోసం చేసేవి కొన్ని, ప్రకృతి శోభను చూడటానికి చేసేవి కొన్ని, పూర్వులు నిర్మించిన కట్టడాలను చూడటానికి చేసేవి మరికొన్ని. ఫ్రాన్సులో రైలు అభిమానులు చేసే యాత్ర వీటిలో దేనికీ పూర్తిగా చెందదు. వారు చూడగోరేవి రాజభవనాలు కావు, సముద్రతీరాలు కావు. మసిబారిన గోడలు, నూనె మరకలతో నల్లబడిన నేల, ఎత్తయిన కప్పు కింద వరుసగా నిలిచిన ఇంజన్లు వారికి దర్శనీయాలు. కాజీపేటలోనో, విజయవాడలోనో లోకో షెడ్ కూత వింటూ పెరిగినవారికి ఈ ఆసక్తి వింతగా తోచదు.

ఇంజన్‌ను చూడటానికి రైల్వే స్టేషన్ చాలదా, షెడ్ వరకు వెళ్ళడం దేనికి అన్న సందేహం కలగవచ్చు. స్టేషన్‌లో కనిపించేది ఇంజన్ వేగం మాత్రమే. దాని జీవితం కనిపించేది షెడ్‌లోనే. ఆవిరి ఇంజన్ మీట నొక్కగానే కదిలే యంత్రం కాదు. చల్లబడిన ఇంజన్‌ను ప్రయాణానికి సిద్ధం చేయాలంటే ఎన్నో గంటల ముందే నిప్పు రాజేయాలి. బాయిలర్‌లోని నీరు మెల్లమెల్లగా వేడెక్కాలి. తొందరపడి మంట పెంచితే లోహం ఒకచోట ఎక్కువగా, మరొకచోట తక్కువగా వ్యాకోచించి అతుకులు వదులవుతాయి. ప్రయాణం ముగిశాక బూడిద తీయాలి. గొట్టాలలోని మసి దులపాలి. కీళ్ళకు నూనె పోయాలి. కొంతకాలానికొకసారి బాయిలర్‌ను కడిగి, లోపల గట్టిపడిన లవణాలను తొలగించాలి. ఈ పనులన్నీ జరిగే చోటు షెడ్. ఇంజన్‌కు అది విశ్రాంతి మందిరం, వైద్యశాల కూడా.

బొగ్గును, నీటిని మోసే టెండర్‌ను వెంట కట్టుకొన్న ఇంజన్ ముందుకు నడిచినంత చక్కగా వెనుకకు నడవదు. కనుక గమ్యం చేరిన తరువాత దాని ముఖాన్ని వెనుదిప్పాలి. ఇందుకు టర్న్‌టేబుల్ అనే తిరుగుడు వంతెనను ఏర్పాటు చేశారు. ఆ వంతెన చుట్టూ చక్రపు ఆకులవలె పట్టాలు పరచి, వాటిపై వర్తులాకారంలోనో, అర్ధచంద్రాకారంలోనో కప్పు వేస్తే అదే రోటుండా. తక్కువ చోటులో ఎక్కువ ఇంజన్లను నిలపడానికి పూర్వపు ఇంజనీర్లు కనుగొన్న ఉపాయమిది.

ఫ్రెంచి ఇంజన్ల పేర్లను చదవడం నేర్చుకోవడం ఈ యాత్రలో మొదటి పాఠం. మూడు అంకెలలో మొదటిది ముందున్న చిన్న చక్రాల ఇరుసులను, రెండవది ఇంజన్‌ను నడిపించే పెద్ద చక్రాల ఇరుసులను, మూడవది వెనుకనున్న చిన్న చక్రాల ఇరుసులను తెలుపుతాయి. మన దేశంలో ఇరుసులను గాక చక్రాలను లెక్కించే పద్ధతి ఉండేది. అందువల్ల మనవారు 4-6-2 అని పిలిచిన డబ్ల్యు.పి. తరగతి ఇంజన్ ఫ్రెంచివారి లెక్కలో 231 అవుతుంది. 2-8-2 అయిన డబ్ల్యు.జి. ఇంజన్ 141 అవుతుంది. దేశాలు వేరైనా యంత్రాల బంధుత్వం ఈ అంకెలలో తెలిసిపోతుంది.

ఫ్రాన్సులో పలు రైల్వే కంపెనీలను కలిపి 1938 జనవరి 1న జాతీయ రైల్వే సంస్థను ఏర్పాటు చేశారు. మరుసటి ఏడాదే రెండవ ప్రపంచ యుద్ధం మొదలైంది. యుద్ధం ముగిసేనాటికి వంతెనలు కూలి, షెడ్లు ధ్వంసమై, నడవగల ఇంజన్ల సంఖ్య బాగా తగ్గిపోయింది. అప్పుడు అమెరికా, కెనడా కర్మాగారాలకు పెద్ద ఎత్తున ఇంజన్లు పురమాయించారు. అవే 141 ఆర్ తరగతి ఇంజన్లు. మొత్తం 1,340 తయారయ్యాయి. 1947లో వాటిలో 17 ఇంజన్లను తీసుకొనివస్తున్న నార్వే ఓడ అట్లాంటిక్ సముద్రంలో మునిగిపోయింది. మిగిలిన 1,323 ఇంజన్లు ఫ్రాన్సు చేరి, చితికిపోయిన దేశాన్ని తిరిగి నిలబెట్టడంలో ప్రాణాధారమైనాయి.

అదే కాలంలో ఆవిరి ఇంజన్ శాస్త్రం అత్యంత ఉన్నత స్థాయికి చేరింది. అందుకు కారకులలో ముఖ్యుడు ఆంద్రే షపెలాన్ (1892–1978). ఆవిరి ప్రవహించే మార్గాలను విశాలం చేయడం, దాని ఉష్ణోగ్రతను పెంచడం, పొగ సులభంగా వెలువడే ఏర్పాటు చేయడం అనే మార్పులతో ఆయన పాత ఇంజన్లకు కొత్త బలం సమకూర్చాడు. అంతకుముందున్న ఒక ఇంజన్‌ను ఆయన పద్ధతిలో మార్చగా 1946లో 242 ఎ 1 వెలువడింది. దాని సిలిండర్లు 5,000 అశ్వశక్తికి మించిన బలాన్ని చూపాయి. కాని అప్పటికే ప్రభుత్వం విద్యుత్ రైళ్ళ వైపు మొగ్గింది. ఆ ఇంజన్‌కు తోబుట్టువులు పుట్టలేదు. 1960లో దానిని ముక్కలు చేసి తుక్కుకింద అమ్మివేశారు. దానిని దాచి ఉంచితే ఎంత బాగుండేదోనని రైలు అభిమానులు నేటికీ బాధపడతారు. పరిరక్షణ అన్న మాటకు అర్థం పోగొట్టుకొన్నాక గాని తెలియదనడానికి ఇది నిదర్శనం.

1970ల మధ్యకు ఫ్రాన్సులో ఆవిరి ఇంజన్ల నిత్యసేవ ముగిసింది. షెడ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఆ సమయంలో వాటి తలుపులు తట్టినవారు యువకులు.

పారిస్ నుండి బయలుదేరిన అభిమానులు మొదట ఆగదగిన చోటు లాంగ్‌విల్. ఇది రాజధానికి ఆగ్నేయ దిశలో సుమారు 90 కిలోమీటర్ల దూరంలో, తూర్పు సరిహద్దుకు పోయే ప్రధాన మార్గంపై ఉన్నది. ఇక్కడి రోటుండాను 1911లో నిర్మించారు. ఆవిరి యుగం ముగుస్తున్న తరుణంలో ఒక సంఘం దీనిని తన నివాసం చేసుకొన్నది. ఆ సంఘం ఫ్రెంచి పేరుకు ‘పాతకాలపు రైళ్ళ నిర్వహణ, పరిరక్షణల కోసం యువజన సంఘం’ అని అర్థం. పేరులోనే యువత ఉన్నది, నిర్వహణ ఉన్నది. దాచి ఉంచడమే కాదు, పనిచేసే స్థితిలో ఉంచడం తమ లక్ష్యమని వారు ఆదిలోనే చాటారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రాన్సు కోసం బ్రిటన్‌లో తయారైన 140 సి 231 వంటి ఇంజన్లను వారు తిరిగి నడిపించారు. 1984లో ప్రభుత్వం ఈ రోటుండాను చారిత్రక కట్టడంగా గుర్తించింది. కోటలకు, చర్చిలకు దక్కే గౌరవం ఒక లోకో షెడ్‌కు దక్కడం విశేషం. చారిత్రక కట్టడాల తలుపులను ఏటా ప్రజలకు తెరిచే సంప్రదాయం కూడా ఫ్రాన్సులో అదే సంవత్సరం ప్రారంభమైంది.

అదే మార్గంలో తూర్పుగా సాగితే ములూజ్ నగరం వస్తుంది. దేశంలోని ప్రసిద్ధ ఇంజన్ల సేకరణను 1971లో ఇక్కడి ఒక పాత షెడ్‌లో ప్రదర్శనకు ఉంచారు. 1976లో ప్రత్యేక భవనం సిద్ధమైంది. ఇందులో 1844 నాటి ‘సెయింట్ పియెర్’ ఇంజన్ మొదలుకొని 1955 మార్చిలో గంటకు 331 కిలోమీటర్ల వేగాన్ని నమోదు చేసిన బి.బి. 9004 విద్యుత్ ఇంజన్ వరకు ఉన్నాయి. నూట పదకొండేళ్ళ ప్రగతిని కొన్ని అడుగులలో నడిచి చూడవచ్చు. అయితే ఇక్కడి ఇంజన్లు నిశ్శబ్దంగా ఉంటాయి. 1949 నాటి 232 యు 1 అనే ఆవిరి ఇంజన్ చక్రాలను సందర్శకుల కోసం తిప్పి చూపుతారు గాని, అది ఆవిరి బలంతో తిరిగేది కాదు. రూపాన్ని ప్రదర్శనశాల భద్రపరుస్తుంది. శ్వాసను షెడ్ నిలుపుతుంది. రెండూ అవసరమే.

అక్కడినుండి నైరుతి దిశగా బుర్గుండి ప్రాంతంలోని ల క్రూజో చేరితే ఆ శ్వాసను నిలపడానికి ఎంత శ్రమ కావాలో తెలుస్తుంది. ఇది ఉక్కు పరిశ్రమకు పేరుపొందిన పట్టణం. ఫ్రాన్సు ప్రయాణికుల రైళ్ళకోసం నిర్మించిన ఆఖరి భారీ ఆవిరి ఇంజన్లలో 241 పి తరగతివి ముఖ్యమైనవి. వాటిని 1948–52 మధ్య ఇక్కడే తయారుచేశారు. మొత్తం 35 ఇంజన్లలో నాలుగు మాత్రమే మిగిలాయి. వాటిలో 241 పి 17 తన పుట్టినింటికి తిరిగివచ్చింది. స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారు దాని భాగాలను విడదీసి, శుభ్రపరచి, పాడైనవాటి స్థానంలో కొత్తవి చేయించి, మళ్ళీ అమర్చారు. ఈ పనికి 13 సంవత్సరాలు పట్టింది. 2006లో ఆ ఇంజన్ మళ్ళీ పట్టాలెక్కింది. అంతటితో బాధ్యత తీరిపోలేదు. ఆవిరి బాయిలర్‌ను పదేళ్ళకొకసారి క్షుణ్ణంగా పరీక్షించి ధ్రువపరచాలి. ఆ పరీక్షకు ధనం కావాలి. అంతకంటె ముఖ్యంగా పని తెలిసిన చేతులు కావాలి.

యాత్రలో చివరి మజిలీ ఆల్ప్స్ పర్వతాల ఒడిలోని షాంబెరీ. ఇక్కడి రోటుండా ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకంలో రూపొందిన ఉక్కు కట్టడం. దాని వ్యాసం సుమారు 110 మీటర్లు. మధ్యనున్న టర్న్‌టేబుల్ నుండి 36 పట్టాలు నలుదిక్కులకు విస్తరిస్తాయి. 1944 మే 26న షాంబెరీపై బాంబులు కురిసి స్టేషన్ పరిసరాలు దెబ్బతిన్నా ఈ కట్టడం నిలిచింది. ఆవిరి ఇంజన్లు వెళ్ళిపోయిన తరువాత విద్యుత్ ఇంజన్లు ఇక్కడ చోటు చేసుకొన్నాయి. పాతను కూల్చకుండానే కొత్తకు చోటివ్వవచ్చునని ఈ రోటుండా నిరూపించింది.

ఈ ప్రాంతానికి భారతీయ రైల్వేతో ఒక ముఖ్యమైన సంబంధం ఉన్నది. షాంబెరీకి చేరువలోని ఎక్స్-లె-బాన్ నుండి అన్సీ మీదుగా పోయే కొండ మార్గంలో 1950 దశకం ఆరంభంలో ఫ్రెంచి ఇంజనీర్లు కొత్త ప్రయోగాలు చేశారు. ఇళ్ళకు, కర్మాగారాలకు అందే సాధారణ ఏ.సీ. విద్యుత్తునే అధిక వోల్టేజి వద్ద రైళ్ళకు వాడవచ్చునని నిరూపించడం వారి ధ్యేయం. అది ఫలించింది. భారతీయ రైల్వే 1957లో 25 కిలోవోల్టుల ఏ.సీ. పద్ధతిని ఎంచుకొని, ఫ్రెంచి జాతీయ రైల్వే సంస్థ సలహాలు స్వీకరించింది. విజయవాడ, లాలాగూడ, కాజీపేట, విశాఖపట్టణం షెడ్లలోని విద్యుత్ ఇంజన్లు నేడు నడుస్తున్నది ఆ పద్ధతిలోనే.

లోకో షెడ్ల యాత్ర చేసినవారు వెంట తెచ్చుకొనేవి ఛాయాచిత్రాలు మాత్రమే కావు. ఎంత మంట వేస్తే ఎంత ఆవిరి పుడుతుందో, ఏ శబ్దం వస్తే ఏ కీలుకు నూనె కావాలో పుస్తకాలలో కొంతవరకే రాయగలరు. మిగిలినది పాత డ్రైవర్ పక్కన నిలబడి, ఫైర్‌మన్ చేతిలోని పార అందుకొని నేర్చుకోవలసిందే. నిత్యసేవలో ఆవిరి ఇంజన్‌ను నడిపిన తరం తగ్గిపోతున్నది. వారు వెళ్ళిపోయేలోగా ఆ విద్య ఇంకొకరికి అందకపోతే, ఎంత మెరుగుపెట్టినా ఇంజన్ ఇనుప బొమ్మగానే మిగులుతుంది. మన దేశంలో 1893 నాటి రేవాడీ షెడ్‌ను పునరుద్ధరించి ఆవిరి ఇంజన్లను కాపాడటంలోని అంతరార్థం కూడా ఇదే. మగ్గం, గానుగ, గడియారం, ఇంజన్ – ఏ యంత్రానికైనా ఇది వర్తిస్తుంది. వస్తువును దాచడానికి గది చాలు. విద్యను దాచడానికి శిష్యుడు కావాలి.

కఠిన పదాలకు అర్థాలు

మసిబారిన = మసి పట్టి నల్లబడిన
వ్యాకోచించు = వేడివల్ల పరిమాణం పెరుగు
వర్తులాకారం = గుండ్రని ఆకారం
ఇరుసు = రెండు చక్రాలను కలిపే కడ్డీ
పురమాయించు = చేయవలసిందిగా పని అప్పగించు
మజిలీ = ప్రయాణంలో ఆగే చోటు
పరిరక్షణ = చక్కగా కాపాడటం
క్షుణ్ణంగా = లోతుగా, పూర్తిగా

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. పాత యంత్రాల పరిరక్షణలో ప్రదర్శనశాలకు, లోకో షెడ్‌కు గల భేదాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. ‘వస్తువును దాచడానికి గది చాలు, విద్యను దాచడానికి శిష్యుడు కావాలి’ – ఈ వాక్యాన్ని సోదాహరణంగా సమర్థించండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. రోటుండా నిర్మాణ విధానాన్ని తెలపండి.
2. 242 ఎ 1 ఇంజన్ చరిత్రను సంగ్రహంగా రాయండి.
3. భారతీయ రైల్వేకు ఫ్రాన్సుతో గల సంబంధం ఏమిటి?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. 141 ఆర్ తరగతి ఇంజన్లు ఎన్ని ఫ్రాన్సు చేరాయి?
2. లాంగ్‌విల్ రోటుండాను ఎప్పుడు నిర్మించారు?

IV. విడదీసి, సంధుల పేర్లు రాయండి
ప్రాణాధారం, అత్యంత, పట్టాలెక్కింది

V. విగ్రహవాక్యాలు రాసి, సమాసాల పేర్లు తెలపండి
రాజభవనాలు, అశ్వశక్తి, దైవదర్శనం