‘ది లాస్ట్ వాల్ట్జ్’: వీడ్కోలు కచేరీకి వెండితెర రూపం

రాక్ సంగీత డాక్యుమెంటరీల్లో తప్పక గుర్తుంచుకోవాల్సిన పేరు ‘ది లాస్ట్ వాల్ట్జ్’. ‘ది బ్యాండ్’ అనే బృందం 1976 నవంబరు 25న శాన్‌ఫ్రాన్సిస్కోలోని వింటర్‌ల్యాండ్ బాల్‌రూమ్‌లో ఇచ్చిన వీడ్కోలు కచేరీని చిత్రించిన సినిమా ఇది. దర్శకుడు మార్టిన్ స్కోర్సెసీ. సినిమా విడుదలైంది మాత్రం 1978లో. ఈ రెండు సంవత్సరాల దగ్గరే చాలామంది తడబడతారు.

కచేరీ జరిగిన రోజు అమెరికాలో థ్యాంక్స్‌గివింగ్ పండుగ. నిర్వాహకుడు బిల్ గ్రాహమ్ వేలమంది ప్రేక్షకులకు ముందు టర్కీ కోడి విందు పెట్టి, ఆ తర్వాతే పాట మొదలుపెట్టించాడు! వేదిక అలంకరణ ‘లా ట్రావియాటా’ ఒపెరా సెట్ నుంచి అరువు తెచ్చుకున్నది. బాబ్ డిలాన్, జోనీ మిచెల్, ఎరిక్ క్లాప్టన్, నీల్ యంగ్ అతిథులుగా పాడారు. 35 ఎంఎం కెమెరాలతో చిత్రీకరించారు. మడ్డీ వాటర్స్ పాడుతున్నప్పుడు మిగతా ఛాయాగ్రాహకులు రీళ్లు మార్చుకునే పనిలో ఉండగా, ఆ పాటను పట్టింది ఛాయాగ్రాహకుడు లాస్లో కోవాక్స్ కెమెరా ఒక్కటే.

బృందంలోని అయిదుగురిలో డ్రమ్మర్ లెవాన్ హెల్మ్ ఒక్కడే అమెరికన్. గిటారిస్టు రాబీ రాబర్ట్‌సన్ సహా మిగతా నలుగురూ కెనడియన్లు. వీడ్కోలు అన్నారే గానీ, రాబర్ట్‌సన్ లేకుండా 1983లో మళ్లీ వేదికెక్కారు. ఈ చిత్రం 2019లో అమెరికా నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేరింది.