ఎగిరేటప్పుడు మెడ చూడండి

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ దగ్గర కేవలాదేవ్ జాతీయ ఉద్యానం ఉంది. దాని వైశాల్యం సుమారు 29 చదరపు కిలోమీటర్లే. చలికాలంలో అక్కడి మడుగుల్లో వాలే పక్షులను లెక్కపెట్టడం మాత్రం మా వల్ల కాలేదు. జనవరిలో ఒక ఆదివారం మా తరగతి పిల్లలం అక్కడికి వెళ్లాం.

దూరంగా నీళ్లలో ఒక పెద్ద తెల్లని పక్షి నిలబడి ఉంది. "సైబీరియా క్రేనేనా?" అని అడిగాం. రిక్షా తొక్కే చాచాజీ నవ్వి, "ఆగండి బేటా, ఎగరనివ్వండి" అన్నారు.

పొలాల్లో మనం చూసే తెల్లకొంగలు ఎగిరేటప్పుడు మెడను ముడుచుకుంటాయి. క్రేన్లు, తెడ్డుమూతి కొంగలు మెడను తిన్నగా చాచి ఎగురుతాయి. సైబీరియా క్రేన్‌కు ముఖం ఎర్రగా, రెక్కల చివరలు నల్లగా ఉంటాయి. రెక్కలు ముడిస్తే ఆ నలుపు దాదాపు కనబడదు. మేము చూసిన పక్షి మెడ చాచే ఎగిరింది, కానీ రెక్కల చివర నలుపు లేదు. ముక్కు చివర గరిటెలా వెడల్పుగా ఉంది. తెడ్డుమూతి కొంగ!

అంత జాగ్రత్త ఎందుకంటే, 1960లలో సైబీరియా క్రేన్లు సుమారు 200 వరకు ఇక్కడికి వచ్చేవి. దారిలో వేట వల్ల, చిత్తడి నేలలు తగ్గిపోవడం వల్ల అవి తరిగిపోయాయి. చివరి జంట కనిపించింది 2001-02 చలికాలంలో. ఇప్పుడు ఎవరైనా చూశామని రాస్తే శాస్త్రవేత్తలు పరుగెత్తుకు రావాల్సిందే.

మన వైపు పెద్ద కొంగలన్నింటినీ సైబీరియా పక్షులనే అంటారు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం చెట్ల మీద ఉండే ఎర్రకాళ్ల కొంగలనూ, గూడబాతులనూ అలాగే పిలుస్తారు. కానీ అవి అక్కడే గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. నిజంగా సైబీరియా నుంచి వచ్చేవి గుడ్లు అక్కడే పెడతాయి, ఇక్కడికి వచ్చేది చలి తప్పించుకోవడానికే.

నాన్నగారి బదిలీతో వచ్చే ఏడు మాలో ఎవరు ఏ ఊళ్లో ఉంటారో తెలియదు. ఏ ఊరి చెరువైనా సరే, ముందు అక్కడి మామూలు పక్షులతో పరిచయం పెంచుకుంటే కొత్తది వచ్చినప్పుడు ఇట్టే తెలిసిపోతుంది. ఆ రోజు మాకు అలాగే జరిగింది. మధ్యాహ్నం వరకు తెల్లకొంగలను, నీటికాకులను చూసి చూసి ఉన్నాం కాబట్టి, రెల్లు పక్కన నిలబడిన ఆ పక్షి వేరని వెంటనే తెలిసింది. నిగనిగలాడే నల్లని మెడ, పొడవాటి ఎర్రని కాళ్లు, బరువైన నల్ల ముక్కు. నల్లమెడ కొంగ! మన దేశంలో ఇది అరుదు. ఇందులో ఆడదానికి కన్ను పసుపుపచ్చగా, మగదానికి ముదురు రంగులో ఉంటుంది. బైనాక్యులర్ చేతులు మారింది. అందరం చూశాకే పుస్తకంలో రాశాం: "నల్లమెడ కొంగ, 1. కన్ను పసుపు, ఆడది. చేప పట్టింది."