గాయము మాని వచ్చినవానికి ఎన్ని నిమిషములు?

చదువవలసిన భాగము: 1 సమూయేలు 30:9-25

బాస్కెట్‌బాల్ ఆట క్రైస్తవులకు పరాయిది కాదు. 1891 డిసెంబరు నెలలో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున వై.ఎం.సి.ఎ. వారి శిక్షణశాలలో, జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు పండ్లు వేసుకొను బుట్టలు రెండు ఎత్తున కొట్టించి దీనిని కల్పించెను. ఆయన అంతకు ముందు వేదాంతవిద్య నభ్యసించినవాడు. మన దేశమునకును ఈ ఆట వై.ఎం.సి.ఎ. ద్వారానే వచ్చినది. 1920లో హ్యారీ బక్ దొరగారు మద్రాసులో స్థాపించిన వ్యాయామ కళాశాలలో తరిఫీదు పొందిన డ్రిల్లు మాస్టర్లు దీనిని పాఠశాలలకు తీసికొనిపోయిరి.

ఇప్పుడు మన యౌవనస్థులు అమెరికాలో జరుగు ఎన్.బి.ఎ. ఆటలను చేతిలోని ఫోనులోనే చూచుచున్నారు. చూచి ఒక ప్రశ్న తెచ్చుచున్నారు. జట్టులోని పడుచువాడొకడు ఏడాది నడుమ గాయపడెను. ప్లేఆఫ్ అనబడు చివరి పోటీలు వచ్చువేళకు లేచి వచ్చెను. ఆ పోటీలలో ఆడుటకు అతడు అర్హుడా? పాపము, నెలల తరబడి బాధపడి వచ్చినాడు, ఆడనియ్యవలసినదే అని కొందరందురు. అతడు లేనప్పుడు జట్టును మోసినవాని మాట యేమి అని మరికొందరందురు. రెండు మాటలలోను న్యాయమున్నది. అయినను ఉభయులును నిమిషములను కూలి వలె ఎంచుచున్నారని నాకు తోచుచున్నది. ఆడు నిమిషము కూలి కాదు, పని. పడిన బాధకు బదులుగా పని ఇయ్యరు, మోయగలవానికి ఇచ్చెదరు.

ఆట తెలియని పెద్దల కొరకు కొంచెము వివరించెదను. ఒక్కొక్క ఆట 48 నిమిషములు. ఒక్కొక్క పక్షమున ఐదుగురు నిలుతురు. కాబట్టి అదనపు సమయము పడిననే తప్ప, ఒక జట్టు ఆ రాత్రి పంచుకొనునవి 240 నిమిషములే. గాయము మాని వచ్చినవానికి 16 ఇచ్చినయెడల అవి మరియొకని యొద్దనుండి తీసినవే. ప్లేఆఫ్‌లలో 16 జట్లు దిగును. రెండేసి జట్లు ఏడు ఆటల వరకు తలపడును. ముందుగా నాలుగు గెలిచినది నిలుచును, రెండవది ఇంటికి పోవును. ఇట్లు నాలుగు మెట్లు ఎక్కవలెను. నేడు కాకపోయిన రేపు చూచుకొందమని చెప్పుటకు అక్కడ వీలులేదు. అందుచేతనే కుంటుచున్న కాలును సహితము బరిలోనికి దింపవలెనను శోధన ఆ దినములలో బలముగా నుండును.

బోస్టన్ జట్టులోని రాబర్ట్ విలియమ్స్ సంగతి చూడుడి. 2022 మార్చి 27న అతని యెడమ మోకాటిలోని మెత్తని యెముక చిరిగెను. తొడ యెముకకును కాలి యెముకకును నడుమ ఒరిపిడి లేకుండ మెత్త వలె నుండునది అదే. మార్చి 30న శస్త్రచికిత్స జరిగెను. అప్పటికి అతనికి 24 సంవత్సరములు. నాలుగు నుండి ఆరు వారములు పట్టునని చెప్పిరి. ఏప్రిల్ 23న, నాలుగు వారములైనను నిండకమునుపే, బ్రూక్లిన్‌తో జరిగిన మూడవ ఆటలో అతడు దిగెను. కోచ్ ఐమీ ఉడోకా అతనిని మొదటి ఐదుగురిలో నిలుపలేదు. ప్రక్కన కూర్చుండబెట్టి, నడుమ నడుమ పంపి, సుమారు 16 నిమిషములు ఆడించెను. అతడు చేసినది 2 పాయింట్లు. ఆ దినమున చూచినవారికి అది లెక్కలోనికి రాని పని. నాకు మాత్రము అది సరియైన ఆరంభమనిపించుచున్నది. వాపు తగ్గిన యెద్దును మొదటి దినముననే రేగడి చేలో నాగలికి కట్టు రైతు మన ఊళ్లలో ఎవడును లేడు గదా.

తరువాత మిల్వాకీతో పోటీ వచ్చెను. విలియమ్స్ మొదటి మూడు ఆటలు ఆడెను. మోకాలు మరల నొప్పి పెట్టెను. నాలుగవ ఆట మొదలుకొని ఆ పోటీ ముగియువరకు అతడు ఆడలేదు. బోస్టన్ అప్పటికి రెండు ఆటలు ఓడి ఒక్కటే గెలిచియుండెను. ఆ నాలుగవ ఆటలో, మే 9న, 35 ఏండ్ల అల్ హార్ఫర్డ్ 30 పాయింట్లు చేసి జట్టును గట్టెక్కించెను. పడుచువాడు ఒక రాత్రి కూర్చుండినంత మాత్రమున జట్టు చావదని అక్కడ కనబడినది. ఆ పోటీ బోస్టనే గెలిచెను. మయామీతో జరిగిన మూడవ ఆటలోను విలియమ్స్ కూర్చుండెను, నాలుగవదానికి వచ్చెను. గోల్డెన్ స్టేట్ జట్టుతో తుది పోటీలో ఆరు ఆటలును ఆడెను. జూన్ 8న మూడవ ఆటలో 10 మారులు తప్పిన బంతిని పట్టుకొని, 4 మారులు ఎదుటివారి బంతిని గాలిలోనే అడ్డగించెను. ఆ రాత్రి బోస్టన్ గెలిచెను. కిరీటము మాత్రము గోల్డెన్ స్టేట్‌కు పోయెను. సెప్టెంబరులో అదే మోకాటికి మరల చికిత్స చేయవలసి వచ్చెను. డిసెంబరు 16 వరకు అతడు ఆటకు రాలేదు. ప్లేఆఫ్‌లలో ఆడినందువలననే ఇట్లయ్యెనని నేను చెప్పను; అది వైద్యులు తేల్చవలసిన మాట. అయితే ఆ నిమిషములు ఊరకే దొరకునవి కావని తెలిసికొనవలెను.

దీనికి ముందే మరియొక సంగతి జరిగెను. షికాగో జట్టులోని డెరిక్ రోజ్ 22 ఏండ్లకే, 2011లో, ఆ ఏటి శ్రేష్ఠుడని పేరొందెను. 2012 ఏప్రిల్ 28న ప్లేఆఫ్ మొదటి ఆటలో, జట్టు 12 పాయింట్లు ముందుండగా, ఆట ముగియుటకు ఇంక నిమిషమున్నర లేని సమయమున, అతని యెడమ మోకాటి లోపలి కట్టు తెగెను. మరుసటి సంవత్సరము మార్చిలో, అతడు ఆడవచ్చునని వైద్యులు చెప్పినట్లు వార్తలు వచ్చెను. ఆ ప్లేఆఫ్‌లలో అతడు ఆడలేదు. తన కాలు ఇంకను తనది కాలేదని అతనికి తోచెను. జనులు ఎంత నిందించిరో! పిరికివాడనిరి, జట్టును విడిచిపెట్టెననిరి. ప్రక్కన కూర్చుండి కేకలు వేయువానికి మోకాలు నొప్పి పుట్టదు. 2013 అక్టోబరులో అతడు తిరిగి ఆడసాగెను, నవంబరు 22న కుడి మోకాలు దెబ్బతినెను. కూర్చుండినవానికి క్షేమమని గాని, ఆడినవానికి కీడని గాని ఒక నియమము కట్టుటకు వీలులేదని దీనివలన తెలియుచున్నది.

పైన చెప్పిన పాఠ్యభాగము నాకు ఈ విషయములో వెలుగునిచ్చినది. సిక్లగు కాల్చబడిన తరువాత దావీదు ఆరువందల మందితో అమాలేకీయులను తరుముచు బయలుదేరెను. బెసోరు వాగునొద్దకు వచ్చుసరికి రెండువందల మంది అలసి సొలసి దాటలేకపోయిరి. మిగిలిన నాలుగువందల మంది వెళ్లి జయము పొంది వచ్చిరి. ఆగిపోయినవారికి దోపుసొమ్ములో భాగము ఇయ్యకూడదని కొందరు చెడ్డవారు పట్టుపట్టిరి. దావీదు వారి మాట వినక, సామాను కాచినవారికిని సమభాగమని తీర్పు చేసి, దానిని ఇశ్రాయేలులో కట్టడగా నియమించెను. తీర్పును గూర్చి మనము తరచుగా ప్రసంగించుచున్నాము. దానికి ముందు జరిగినదానిని విడిచిపెట్టుచున్నాము. సమభాగము ఇయ్యదలచినవాడే ఆ రెండువందల మందిని బలవంతముగా వాగు దాటింపలేదు. వాగు దాటగలరా అను ప్రశ్న వేరు, భాగమునకు తగుదురా అను ప్రశ్న వేరు. ఈ రెంటిని కలిపివేయుటవలననే మన పిల్లలు తగవులాడుచున్నారు. గాయపడినవాడు జట్టులో భాగమునకు సర్వవిధముల అర్హుడే. ఈ రాత్రి దిగవలెనా అనునది అతని కాలును, మరునాటి ఉదయమున దాని వాపును చూచి చెప్పవలసినది.

ఎవరు చెప్పవలెను? గెలుపు కావలసిన కోచ్ ఒక్కడే చెప్పరాదు. ఆడవలెనని ఉవ్విళ్లూరు పిల్లవాడు ఒక్కడే చెప్పరాదు. ఆ వయస్సున ఎవడును నొప్పి ఉన్నదని ఒప్పుకొనడు. గెలిచినను ఓడినను తనకు లాభనష్టములు లేని వైద్యుని మాట మొదట రావలెను. ఎన్ని నిమిషములని ఆటకు ముందే నిర్ణయింపవలెను. నాలుగవ భాగములో రెండు పాయింట్లు వెనుకబడితిమని ఆ హద్దును జరుపరాదు. జరిపినచో అది హద్దే కాదు.

2025 జూన్ 22 రాత్రి ఓక్లహోమా సిటీలో తుది పోటీ ఏడవ ఆట జరిగెను. ఓక్లహోమా జట్టులో 23 ఏండ్ల చెట్ హోమ్‌గ్రెన్ ఉండెను. 2024 నవంబరు 10న అతడు పడి తుంటి యెముక విరిగెను. 2025 ఫిబ్రవరి 7న తిరిగి వచ్చి, రెండు నెలలకు పైగా సాధారణమైన ఆటలలో కాలు కుదుర్చుకొనిన తరువాతనే ప్లేఆఫ్‌లలో దిగెను. ఆ రాత్రి 18 పాయింట్లు చేసి 5 మారులు అడ్డగించెను. జట్టు 103-91తో గెలిచెను. ఎదుటి ఇండియానా జట్టులో 25 ఏండ్ల టైరీస్ హాలిబర్టన్ ఉండెను. అంతకు ఆరు దినముల క్రిందట, ఐదవ ఆటలో, అతని కుడి పిక్క పట్టుకొనెను. ఆరవ ఆట ఆడెను. ఏడవదానిలో మొదటి భాగముననే, దూరమునుండి మూడు బంతులు వేసిన తరువాత, మడమ వెనుకనున్న లావుపాటి నరము తెగి పడిపోయెను. తరువాతి సీజను అంతయు అతడు ఆడడని జట్టువారు ప్రకటించిరి. మరల అట్టి సమయము వచ్చినను అట్లే చేయుదునని హాలిబర్టన్ తానే వ్రాసెను. ఆ ధైర్యమును నేను తక్కువ చేయను. అయితే ఒకనికి నెలలు దొరకెను, మరియొకనికి దినములే దొరకెను. మన పిల్లలు వారి ధైర్యములను పోల్చక ఈ కాలమును పోల్చి చూడవలెను.

ఆ రాత్రి గెలిచిన జట్టు పట్టికలో మరియొక పేరుండెను: నికోలా తోపిచ్, సెర్బియా దేశస్థుడు, 19 ఏండ్లవాడు. 2024లో ఓక్లహోమా వారు అతనిని 12వ వానిగా ఎన్నుకొనినప్పటికే మోకాటి కట్టు తెగియుండెను. ఆ సీజనులో అతడు ఒక్క నిమిషమైనను ఆడలేదు, ఎవరును ఆడింప జూడలేదు. 2025 జూలైలో, కొత్తవారి కొరకు జరుపు వేసవి ఆటలలో, అతడు ఆ జట్టు చొక్కా తొడుగుకొని మొదటిసారి బరిలోనికి వచ్చెను.