అలలు రింగాస్కిడీలో లేవు

ప్రశ్న: ఐర్లండ్‌లోని రింగాస్కిడీలో ఫార్మా ఉద్యోగం. అమ్మానాన్నలు వస్తున్నారు. సర్ఫింగ్ ఊళ్లో, ఒక కుటుంబం నడిపే చిన్న హోటల్‌లో రెండు రోజులుండాలని ఉంది. ఎక్కడికెళ్లాలి?

జవాబు: మీ ఊరు కార్క్ హార్బర్ లోపల ఉంది, అట్లాంటిక్ అలలు అక్కడిదాకా రావు. కిన్సేల్ దాటి గ్యారెట్స్‌టౌన్‌కో, క్లోనకిల్టీ పక్కన ఇంచిడోనీకో వెళ్లండి. ఆగస్టులోనూ నీళ్లు 15, 16 డిగ్రీలే, వెట్‌సూట్ తప్పదు. ఈతకైతే లైఫ్‌గార్డులున్న వేళల్లో, ఎరుపు పసుపు జెండాల మధ్యే దిగండి.

చిన్న హోటళ్లలో చాలావాటిలో రాత్రి భోజనం ఉండదు, ముందే అడగండి. పొద్దుటి టిఫిన్‌లో ఇచ్చే బ్లాక్ పుడ్డింగ్ జంతువుల రక్తంతో చేసేది. అమ్మగారు శాకాహారి అయితే గది బుక్ చేసేటప్పుడే చెప్పండి. ఇంటివాళ్లే వండుతారు కాబట్టి, ముందు చెబితే ఏర్పాటు చేయడం వాళ్లకు తేలిక.